ఫార్మాట్ కొట్టించే ముందు: పాత విండోస్‌లో ఫోటోషాప్ మొరాయిస్తే

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం వైపు ఫోటో స్టూడియోల్లో, ఫ్లెక్సీ షాపుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: "ఫోటోషాప్ ఓపెన్ అవ్వట్లేదండీ, ఫార్మాట్ కొట్టించేద్దామా?" వద్దండి. పాత సిస్టమ్ విషయంలో ఫార్మాట్ ఆఖరి మందు. ముందే వేసేస్తే రోగం పోకపోగా ఉన్నవి కూడా పోతాయి. ఏళ్ల తరబడి కూర్చుకున్న యాక్షన్లు (రికార్డు చేసి పెట్టుకున్న పనుల వరసలు), బ్రష్‌లు, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు పోతాయి. ఫోటోషాప్ 7.0కి సీరియల్ నంబరు కొడితే చాలు గానీ, ఆ తర్వాతి వెర్షన్లకు యాక్టివేషన్ కావాలి. సీఎస్2, సీఎస్3 యాక్టివేషన్ సర్వర్లను అడోబీ ఎప్పుడో మూసేసింది. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయినా ఫార్మాట్ తర్వాత మళ్లీ ఎక్కుతుందన్న భరోసా లేదు.

ఇక్కడ చెప్పేదంతా ఎక్స్‌పీలోనో విండోస్ 7లోనో నడిచే ఫోటోషాప్ గురించి. అంటే 2002లో వచ్చిన 7.0, 2007 నాటి సీఎస్3, 2012 నాటి సీఎస్6. ఎక్స్‌పీ మీద నడిచే ఆఖరి ఫోటోషాప్ సీఎస్6. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్టు ఆపేసింది. కొత్త అప్‌డేట్ వచ్చి బాగు చేస్తుందన్న ఆశ లేదు కాబట్టి, తప్పు ఎక్కడుందో మనమే పట్టుకోవాలి.

ముందు అడగాల్సింది ఒకే ప్రశ్న: సరిగ్గా ఎప్పుడు ఆగింది? తెరుచుకునేటప్పుడా, టెక్స్ట్ టూల్ నొక్కగానేనా, పెద్ద ఫైలు మీద పనిచేస్తుంటేనా, సేవ్ కొట్టినప్పుడా? ఈ నాలుగింటికీ కారణాలు వేరు. "ఊరికే హ్యాంగ్ అవుతోంది" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

స్క్రాచ్ డిస్క్ నిండిందంటే

ఎక్కువగా కనపడే మెసేజ్ "స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్". ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ హార్డ్ డిస్కులో కొంత జాగా తీసుకుని అక్కడ పని చేసుకుంటుంది. అదే స్క్రాచ్. మొదట్లో అది విండోస్ ఉన్న సి డ్రైవే. పాత సిస్టముల్లో సి డ్రైవ్‌కి 20 జీబీనో 30 జీబీనో ఇచ్చి, మిగిలిందంతా డి, ఇ డ్రైవ్‌లకి పంచేస్తారు. విండోస్ టెంప్ ఫైళ్లు, డెస్క్‌టాప్ మీద పడేసిన పెళ్లి ఫోల్డర్లు కలిసి సి నిండిపోతుంది. డెస్క్‌టాప్ మీద పెట్టిందల్లా సి డ్రైవ్‌లోనే ఉంటుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

ఫోటోషాప్ ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్ రెండూ నొక్కి పట్టుకోండి. పూర్తిగా తెరుచుకోకముందే స్క్రాచ్ ఏ డ్రైవ్‌లో కావాలో అడుగుతుంది. ఖాళీ ఎక్కువున్న డ్రైవ్‌ని మొదటిదిగా పెట్టండి. వేరే హార్డ్ డిస్క్ అయితే ఇంకా మంచిది. ఒకే డిస్కులో ఇంకో పార్టిషన్ అయితే జాగా సమస్య తీరుతుంది గానీ వేగం పెరగదు. పెన్‌డ్రైవ్‌ని మాత్రం స్క్రాచ్‌గా పెట్టొద్దు.

ఆ తర్వాత డ్రైవ్ తెరిచి, మొదట్లోనే "ఫోటోషాప్ టెంప్" అన్న పేరు, దాని పక్కన అంకెలతో ఫైళ్లేమైనా ఉన్నాయేమో చూడండి. ఫోటోషాప్ మామూలుగా మూస్తే అవే పోతాయి. పని మధ్యలో కరెంటు పోతే అలాగే పడి ఉంటాయి, ఒక్కోటి జీబీల్లో. మనవైపు గాలివాన వచ్చి కొబ్బరి మట్ట తీగ మీద పడితే చాలు, కరెంటు పోతుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన షాపులో ఒక్క వానాకాలం గడిచేసరికి ఇలాంటివి గుట్టలా పేరుకుంటాయి. ఫోటోషాప్ మూసి ఉన్నప్పుడు నిర్భయంగా తీసేయండి.

ర్యామ్ లెక్క

ఇది కాస్త ఓపిగ్గా చదవండి. "స్లో"కి సగం కారణాలు ఇక్కడే ఉన్నాయి.

కెమెరాలోంచి వచ్చిన జేపెగ్ 7 ఎంబీయే కదా అనుకుంటాం. అది డిస్కులో మడతపెట్టి ఉన్న సైజు. 24 మెగాపిక్సెల్ ఫోటో అంటే 6000 × 4000 పిక్సెల్స్. తెరవగానే ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున 68.7 ఎంబీ అవుతుంది. ఓణీల ఫంక్షన్ ఫోల్డర్‌లోంచి ముప్పై ఫోటోలు ఒక్కసారిగా లాగి ఫోటోషాప్‌లో పడేస్తే 2 జీబీ దాటింది. 32 బిట్ విండోస్‌లో ఒక ప్రోగ్రాముకి మామూలుగా దక్కేదే 2 జీబీ. మీరు 4 జీబీ ర్యామ్ వేయించినా 32 బిట్ విండోస్ దాదాపు 3.2 నుంచి 3.5 దాకానే చూస్తుంది. మిగతాది వృథా.

ఆల్బమ్ షీటుకీ ఇదే లెక్క. 12 × 36 అంగుళాలు, 300 రిజల్యూషన్ (అంగుళానికి 300 పిక్సెల్స్) అంటే 3600 × 10800 పిక్సెల్స్, ఒక్క లేయర్ 111.2 ఎంబీ. దాన్ని సీఎంవైకేలోకి, అంటే ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతిలోకి మారిస్తే 148 దాటుతుంది. బ్యాక్‌గ్రౌండ్, దాని మీద పూల డిజైను, మాస్కులు, నాలుగు ఫోటోలు, నీడలు పెట్టేసరికి ఎక్కడికి పోతుందో మీరే లెక్కేసుకోండి. ఫైలు సైజుకి మూడు నుంచి ఐదు రెట్లు స్క్రాచ్ ఖాళీ ఉండాలన్నది పాత వెర్షన్లకు నమ్మదగిన కొలత.

ఊహించే పనిలేకుండా ఫోటోషాప్ తనే చెప్తుంది. కింద ఎడమ మూల "డాక్" అని రెండు అంకెలు కనపడతాయి, ఉదాహరణకి 111.2 ఎం / 640 ఎం. మొదటిది లేయర్లన్నీ కలిపేస్తే వచ్చే సైజు, రెండోది ఇప్పుడు లేయర్లతో ఉన్న సైజు. పక్కనున్న చిన్న బాణం నొక్కి "ఎఫిషియెన్సీ" ఎంచుకోండి. 100 శాతం చూపిస్తే పని ర్యామ్‌లోనే అవుతోంది. 60కి, 50కి పడిపోయిందంటే హార్డ్ డిస్కు మీద ఈడుస్తోందన్నమాట. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు, భారం తగ్గించాలి. మరో సంగతి: ఎఫిషియెన్సీ 100 ఉండి కూడా స్లోగా ఉంటే తప్పు ర్యామ్‌ది కాదు. ఫాంట్లో, ప్రింటరో, డిస్కో చూడాలి. ఈ ఒక్క అంకె చాలా తిరుగుడు తప్పిస్తుంది.

భారం తగ్గించడం ఇలా. ఎడిట్, ప్రిఫరెన్సెస్‌లో మెమరీ శాతం 60 నుంచి 70 మధ్య ఉంచండి. సీఎస్3, సీఎస్6లో ఆ పేజీ పేరు పెర్ఫార్మెన్స్, 7.0లో మెమరీ అండ్ ఇమేజ్ క్యాష్. 100 పెడితే స్పీడ్ వస్తుందనుకుని పెడతారు. విండోస్‌కి ఊపిరాడక మొత్తం సిస్టమే నత్తనడక నడుస్తుంది. హిస్టరీ స్టేట్స్ (వెనక్కి వెళ్లగలిగే అడుగులు) 20 చాలు, 100 పెట్టుకుంటే ప్రతి మార్పూ స్క్రాచ్‌లో కూర్చుంటుంది. అదే ప్రిఫరెన్సెస్ జనరల్ పేజీలో "ఎక్స్‌పోర్ట్ క్లిప్‌బోర్డ్" టిక్ తీసేస్తే ఫోటోషాప్‌లోంచి పేజ్‌మేకర్‌కో కోరెల్‌కో మారేటప్పుడు పట్టే ఆ జాగు పోతుంది. షీటుకీ షీటుకీ మధ్య ఎడిట్, పర్జ్, ఆల్ కొట్టండి. కొట్టాక అన్‌డూ ఉండదు, గుర్తుంచుకోండి.

ప్రాసెసర్ కోర్ 2 డుయో అయినా దానికి 64 బిట్ వచ్చు. బోర్డు ఒప్పుకుంటే 64 బిట్ విండోస్ 7, 64 బిట్ సీఎస్6, 8 జీబీ ర్యామ్ వేస్తే ఈ 2 జీబీ గోడ తొలగిపోతుంది. సీఎస్3కీ అంతకు ముందువాటికీ 64 బిట్ వెర్షన్ లేదు.

ఫ్లెక్సీ షాపుల వాళ్లకి వేరే పొరపాటు. కనుమ నాడు కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి 20 × 10 అడుగుల బోర్డు కావాలని వస్తే, అలవాటు కొద్దీ 300 రిజల్యూషన్ పెట్టేస్తారు. అది 72,000 × 36,000 పిక్సెల్స్. 7.0 ఒక వైపు 30,000 పిక్సెల్స్ మించి తీసుకోదు, ఎర్రర్ ఇస్తుంది. దాని తర్వాతి సీఎస్ నుంచి తీసుకుంటుంది గానీ ఒక్క సీఎంవైకే లేయరే దాదాపు 9.7 జీబీ అవుతుంది. పీఎస్‌డీ ఫైలు 2 జీబీ మించి సేవ్ కాదు కూడా. రోడ్డు అవతలి నుంచి చూసే బోర్డుకి 36 సరిపోతుంది: 8640 × 4320, లేయర్‌కి 142 ఎంబీ. చేతికందే ఎత్తులో కట్టే 6 × 4 బ్యానరుకి 100 పెట్టండి, 132 ఎంబీ లోపే. చూసే దూరాన్ని బట్టి రిజల్యూషన్.

తెరుచుకోకుండానే పడిపోతుంటే

లోడింగ్ బొమ్మ వచ్చి మాయమైపోతోందంటే ముందు సెట్టింగ్స్ ఫైలుని అనుమానించండి. ఫోటోషాప్ మూసేటప్పుడు ఆ ఫైలు రాస్తుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే సగమే రాసి వదిలేస్తుంది. డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుంటే సెట్టింగ్స్ ఫైలు తీసేయమంటారా అని అడుగుతుంది. అవునంటే కొత్తది రాసుకుంటుంది. వేళ్లు ఆలస్యమైతే అడగదు, మళ్లీ ప్రయత్నించండి.

అయితే నా సలహా అంతకంటే జాగ్రత్తైన దారి. ఎక్స్‌పీలో సి డ్రైవ్, డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, మీ యూజర్ పేరు, అప్లికేషన్ డేటా, అడోబీ, ఫోటోషాప్, 7.0 దాకా వెళ్లండి. విండోస్ 7లో యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, రోమింగ్, అడోబీ. ఈ ఫోల్డర్లు దాచి ఉంటాయి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టాలి. అక్కడి సెట్టింగ్స్ ఫోల్డర్‌ని డిలీట్ చేయకుండా పేరు చివర "పాత" అని తగిలించండి. ఫోటోషాప్ కొత్త ఫోల్డర్ పెట్టుకుని తెరుచుకుంటే జబ్బు అదే. అప్పుడు మూసేసి, పాత ఫోల్డర్‌లోంచి "యాక్షన్స్ ప్యాలెట్" ఫైలొక్కటి కొత్తదాంట్లోకి కాపీ చేస్తే మీ యాక్షన్లు తిరిగొస్తాయి.

అప్పటికీ పడిపోతుంటే ప్లగిన్లు. స్కిన్ నునుపు చేసేవి, ఫ్రేములు వేసేవి ఎవరి దగ్గరో కాపీ చేసి తెచ్చి వేసుంటారు. ప్లగ్-ఇన్స్ ఫోల్డర్‌లో అనుమానమున్నదాని పేరు ముందు టిల్డె గుర్తు, అంటే కీబోర్డులో ఒకటి అంకెకి ఎడమ పక్కనున్న అల గీత, పెడితే ఫోటోషాప్ దాన్ని వదిలేసి తెరుచుకుంటుంది. సీఎస్6లో చారలు, నల్ల తెరలు కనపడితే పెర్ఫార్మెన్స్ పేజీలో "యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్" టిక్ తీసేయండి. బోర్డులోనే ఉన్న పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌తో దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు.

ఎవరూ అనుమానించని దోషి డీఫాల్ట్ ప్రింటర్. ఫోటోషాప్ కాగితం కొలతల కోసం ప్రింటర్ డ్రైవర్‌ని పలకరిస్తుంది. ఆ ప్రింటర్ పక్క గదిలోని సిస్టమ్‌కి తగిలించి, ఆ సిస్టమ్ ఆఫ్‌లో ఉందనుకోండి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తెరవడానికి నిమిషాలు పట్టినా, కొత్త పేజీ తెరవగానే బిగుసుకున్నా, "ప్రోగ్రామ్ ఎర్రర్" అని చెప్పీ చెప్పకుండా వదిలేసినా ముందు డీఫాల్ట్ ప్రింటర్ మార్చి చూడండి. విండోస్ 7లో ఎక్స్‌పీఎస్ డాక్యుమెంట్ రైటర్ ఉంటుంది. ఎక్స్‌పీలో అది లేకపోతే యాడ్ ప్రింటర్‌లోకి వెళ్లి, ఏదైనా ఒక మోడల్‌ని ఫైల్ పోర్టుకి తగిలించి డీఫాల్ట్ చేయండి. రెండు నిమిషాల పని.

టెక్స్ట్ టూల్, తెలుగు ఫాంట్లు

కీబోర్డులో టి అక్షరం నొక్కి క్లిక్ చేయగానే ఆగిపోతోందా? ఫాంటే. పెళ్లి కార్డుకొకటి, ఫ్లెక్సీకొకటి అంటూ నాలుగొందల ఫాంట్లు ఎక్కించిన సిస్టములు మామూలే. వాటిలో ఒక్క ఫాంట్ ఫైలు చెడినా టెక్స్ట్ టూల్ ఫోటోషాప్‌ని పడగొడుతుంది. ముందు ఫోటోషాప్ మూసి, సెర్చ్‌లో "అడోబీఎఫ్‌ఎన్‌టీ" అన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే, ఎల్‌ఎస్‌టీతో ముగిసే ఫైళ్లు వెతికి తీసేయండి. విండోస్, సిస్టమ్32 లోపల "ఎఫ్‌ఎన్‌టీక్యాష్" అనే డ్యాట్ ఫైలు ఉంటుంది, అదీ తీసి రీస్టార్ట్ చేయండి. రెండూ ఫాంట్ల జాబితాలే, కొత్తగా రాసుకుంటాయి. చాలాసార్లు ఇక్కడితోనే అయిపోతుంది.

అవ్వకపోతే సగం-సగం పద్ధతి. మీరు ఎక్కించిన ఫాంట్లలో సగం వేరే ఫోల్డర్‌కి కాపీ చేసి, ఫాంట్స్‌లోంచి తీసేసి చూడండి. పని చేస్తే చెడ్డది బయటున్న సగంలో ఉంది, చేయకపోతే లోపలున్న సగంలో. దాన్ని మళ్లీ సగం చేయండి. నాలుగొందలైనా తొమ్మిది విడతల్లో దొరికిపోతుంది. ఏరియల్, టహోమా, మార్లెట్, సెగో లాంటి విండోస్ సొంత ఫాంట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఫాంట్ జాబితా కిందికి లాగినప్పుడు మాత్రమే ఆగుతుంటే, ఫాంట్ ప్రివ్యూ ఆపేయండి: సీఎస్3లో ప్రిఫరెన్సెస్, టైప్ పేజీలో, సీఎస్6లో టైప్ మెనూలోనే.

ఇక వాట్సాప్‌లో పంపిన తెలుగు. కస్టమరు "చి॥ల॥సౌ॥ లక్ష్మీ ప్రసన్న" అని పంపుతారు. కాపీ చేసి ఫోటోషాప్‌లో పేస్ట్ చేస్తే డబ్బాలొస్తాయి. డబ్బాలు రాకపోతే "లక్ష్మీ"లో ష వత్తు, మ వత్తు కిందికి దిగకుండా ఒకదాని పక్కన ఒకటి పొల్లులతో నిలబడతాయి. ఫాంట్ చెడిపోలేదు. వాట్సాప్ తెలుగు యూనికోడ్. అక్షరాలని కలిపి వత్తు కట్టే పని 7.0, సీఎస్3 లాంటి పాత ఫోటోషాప్‌లకి తెలియదు. అను ఫాంట్లలో వత్తులు విడి అక్షరాలుగా ఉంటాయి కాబట్టే అవి ఇందులో పనిచేస్తున్నాయి. కాబట్టి అను స్క్రిప్ట్ మేనేజర్‌తో మళ్లీ టైప్ చేయండి, లేదా యూనికోడ్‌ని అనులోకి మార్చే కన్వర్టర్ వాడండి. కన్వర్టర్ వాడితే క్ష, జ్ఞ, రెండేసి వత్తులున్న మాటలు ఒక్కొక్కటీ కళ్లతో సరిచూడండి. పేరు తప్పుపడితే కార్డు మొత్తం వృథా.

యూనికోడ్ ఫాంటే కావాలంటే ఇంకో దారుంది. ఉచితంగా దొరికే గింప్‌కి తెలుగు వత్తులు సరిగ్గా కట్టడం వచ్చు. 2.8 ఎక్స్‌పీ మీద నడుస్తుంది, 2.10కి విండోస్ 7 కావాలి. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లతో అందులో రాసి, బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పీఎన్‌జీగా తీసి ఫోటోషాప్‌లోకి తెచ్చుకోండి. కావలసిన సైజులోనే రాయండి. 12 అంగుళాల వెడల్పు పేరుకి 3600 పిక్సెల్స్. చిన్నగా రాసి పెద్దది చేస్తే అంచులు మెట్లు మెట్లుగా కనపడతాయి.

తెలుపు పసుపుగా కనపడితే

దీనివల్ల పోయే డబ్బు ఎక్కువ, కాబట్టి ఆగి చూడండి. ఫోటోషాప్‌లో కొత్త తెల్ల పేజీ తెరవండి. డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్ తెల్లగా ఉండి, ఫోటోషాప్ పేజీ మాత్రం పసుప్పచ్చగా ఉంటే తప్పు మానిటర్ ప్రొఫైల్‌ది, అంటే తెర రంగులెలా చూపాలో చెప్పే ఫైలుది. అది తెలియక పెళ్లికూతురి ముఖం పచ్చగా ఉందని ప్రతి ఫోటోకీ నీలం కలుపుతారు. ల్యాబ్ నుంచి ఆల్బమ్ నీలంగా వస్తుంది. ల్యాబ్ వాళ్ల తప్పేమీ లేదు.

విండోస్ 7లో కంట్రోల్ ప్యానెల్, కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, "యూజ్ మై సెట్టింగ్స్" టిక్ పెట్టి, ఉన్న ప్రొఫైల్ తీసేసి ఎస్‌ఆర్‌జీబీ యాడ్ చేసి డీఫాల్ట్ చేయండి. ఎక్స్‌పీలో డిస్‌ప్లే ప్రాపర్టీస్, సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, కలర్ మేనేజ్‌మెంట్. 7.0తో పాటు వచ్చే అడోబీ గామా స్టార్టప్‌లో ఉంటే దాన్నీ తీసేయండి. తర్వాత ఫోటోషాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, కె కొట్టి ఆర్‌జీబీ వర్కింగ్ స్పేస్ కూడా ఎస్‌ఆర్‌జీబీయే ఉందో లేదో చూడండి. ల్యాబ్ వేరేగా చెప్తే తప్ప అదే ఉంచండి.

సాఫ్ట్‌వేర్ కాని తప్పులు

సేవ్ చేసిన ఫోటోలో అడ్డంగా రంగు పట్టీలు, సగం నుంచి కింద బూడిద రంగు, పెద్ద ఫైలు మీద మాత్రమే నీలం తెర: ఇవి ర్యామ్ లేదా హార్డ్ డిస్క్ చేసే పనులు. మిగతా ప్రోగ్రాములు బాగానే నడుస్తాయి, ఎందుకంటే అవి ర్యామ్ చివరిదాకా వెళ్లవు. ఫోటోషాప్ వెళ్తుంది. మన లంకల్లో, సముద్రం దగ్గరున్న ఊళ్లలో చెమ్మ, ఉప్పుగాలి కలిసి ర్యామ్ కాళ్లకి మకిలి పట్టిస్తాయి. ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిక్కుమనే దాకా నొక్కి పెట్టండి. తర్వాత విండోస్ 7లో మెమరీ డయాగ్నస్టిక్ నడపండి. ఎక్స్‌పీలో అది లేదు, మెమ్‌టెస్ట్ సీడీ వేయాలి. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ మార్చాల్సిందే.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడం పాత సిస్టమ్‌కి పెట్టగలిగిన అతి మంచి ఖర్చు, అది కూడా విండోస్ 7లో. ఎస్‌ఎస్‌డీ వేగం తగ్గకుండా చూసే ట్రిమ్ ఎక్స్‌పీకి తెలియదు.

ఫోటోలే తెరుచుకోకపోతే రకం చూడండి. ఐఫోన్ హెచ్‌ఈఐసీ ఫైళ్లు ఈ వెర్షన్లు ఏవీ తెరవవు. ఫోన్ కెమెరా ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టించండి. రా ఫైళ్లు తెరిచే కెమెరా రా ప్లగిన్‌లో సీఎస్6కి వచ్చిన ఆఖరి వెర్షన్ 9.1.1. కానన్ కొత్త కెమెరాల సీఆర్3 ఫైళ్లు దానికి అర్థం కావు. వేరే కొత్త సిస్టమ్ మీద డీఎన్‌జీలోకి (అడోబీ రా ఫార్మాట్) మార్చుకోవాలి, పాత కెమెరా రాకి తగ్గ కంపాటిబిలిటీ ఎంచుకుని.

విండోస్ 7లో 7.0 సెట్టింగ్స్ గుర్తుపెట్టుకోకపోతే "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెట్టుకుంటారు. పనిచేస్తుంది గానీ, ఆ తర్వాత ఫోల్డర్‌లోంచి ఫోటో లాగి ఫోటోషాప్‌లో పడేస్తే పడదు. విండోస్ భద్రత కోసం అడ్డుకుంటుంది. దానికి బదులు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోటోషాప్ ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీలో మీ యూజర్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. రెండు పనులూ అవుతాయి.

ఇన్నీ చూశాక కూడా ఫార్మాట్ తప్పదంటే, కొట్టేముందు ఇవి వేరే డిస్కులోకి తీయండి: యాక్షన్లు (ప్యాలెట్‌లో యాక్షన్‌ని కాదు, పైనున్న సెట్‌ని ఎంచుకుంటేనే సేవ్ యాక్షన్స్ వెలుగుతుంది), బ్రష్‌లు, ప్లగ్-ఇన్స్ ఫోల్డర్, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం, అను ఇన్‌స్టాల్ ఫైళ్లు, ప్రింటర్, గ్రాఫిక్స్ డ్రైవర్లు. యాక్టివేట్ చేసిన వెర్షన్ అయితే హెల్ప్ మెనూలో డీయాక్టివేట్ కూడా. ఇక డెస్క్‌టాప్ మీది పెళ్లి ఫోల్డర్లు అన్నిటికన్నా ముందు.